నలుగురి ఇంటికి ముగ్గురి సర్టిఫికెట్

ఆదివారం మధ్యాహ్నం. కెనడాలో, ఒంటారియో రాష్ట్రంలోని వాన్ అనే ఊళ్ళో, ఒక ఇంటి బేస్‌మెంట్‌లో కోడికూర ఉడుకుతోంది. వేర్‌హౌస్‌లో షిఫ్టులు లేని రోజు కాబట్టి కుర్రాళ్ళంతా ఇంట్లోనే ఉన్నారు. రేవంత్ ఉల్లిపాయలు తరుగుతూ తన తమ్ముడి సంగతి ఎత్తాడు. వాడికి బర్త్ సర్టిఫికెట్ లేదు, వీసాకి అప్లై చేయాలంటే కావాలట.

"అదేం పెద్ద పనిరా?" అన్నాడు దీక్షిత్ పరుపు మీద పడుకునే. "మండలాఫీసులో మనవాడు ఒకడుంటే చాలు. ఏం కావాలంటే అది రాసిస్తాడు. మా ఇంట్లో అట్లాగే మేనేజ్ చేశారు."

అందరూ నవ్వారు. మేనేజ్ చేయడం అనే ఆ మాటంటే మనవాళ్ళకు ఎంత ముద్దో చూడండి. అబద్ధం అంటే తప్పుగా వినిపిస్తుంది, దొంగ కాగితం అంటే పోలీసులు గుర్తొస్తారు. మేనేజ్ చేశాం అంటే మాత్రం తెలివైన పని చేసినట్టే ఉంటుంది. పెళ్ళి పందిళ్ళలో కూడా పెద్దమనుషులు ఈ మాటను గర్వంగానే చెప్పుకుంటారు.

దీక్షిత్ ఇంట్లో మేనేజ్ చేసింది ఇది. నాలుగేళ్ళ క్రితం, కాలేజీలు అడిగినవాళ్ళందరికీ సీట్లిస్తున్న రోజుల్లో, ఒంగోలు దగ్గర వాళ్ళ ఊళ్ళో ఏ వీధికి పోయినా కెనడా ముచ్చటే. తండ్రి రాఘవులు కొడుకును వెంటబెట్టుకుని కన్సల్టెన్సీకి వెళ్ళాడు. అక్కడివాడు ఫైలు తిరగేసి, "ఇద్దరు పిల్లలని ఎందుకు చూపించడం సార్? ఆడపిల్ల ఉందంటే రేపు పెళ్ళి ఖర్చుంది, వీళ్ళ దగ్గర డబ్బేం మిగుల్తుందని ఆఫీసర్ అనుకుంటాడు. ఒక్కడే కొడుకంటే ఆస్తంతా ఇతనిదే, చదువైపోగానే తిరిగొచ్చేస్తాడని నమ్ముతాడు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ముగ్గురికే తెచ్చుకోండి" అన్నాడు. రాఘవులు వెంటనే సరేనన్నాడు. ఆయన దృష్టిలో ఆడపిల్ల ఎట్లాగూ రేపు ఇంకో ఇంటి మనిషి.

విచారణకని వీఆర్వో ఇంటికొచ్చాడు. వరండాలో కుర్చీ వేశారు. అప్పుడే ఇంటర్ పూర్తిచేసిన కూతురు నిఖిల టీ తెచ్చి ఇచ్చింది. ఆయన ఆ టీ తాగుతూనే తండ్రి, తల్లి, కొడుకు అని మూడు పేర్లు రాసుకున్నాడు. ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళు సాక్షి సంతకాలు పెట్టారు. వాళ్ళలో ఒకాయన ఆ పిల్లకు అక్షరాభ్యాసం చేయించిన మనిషి. నిఖిల ఖాళీ కప్పు తీసుకుని లోపలికి వెళ్ళి, "అమ్మా, నేను లేనట్టేనా?" అని అడిగింది. "కాగితం మీదేగా, దాందేముందే" అంది తల్లి సుగుణ. అన్నయ్య పక్కనే ఉన్నాడు, విన్నాడు. ఆ రోజు అతనికి అది పెద్ద విషయంగా తోచలేదు.

ఇప్పుడు కూర దించుతుండగా దీక్షిత్ ఫోన్‌కు ఒక ఫోటో వచ్చింది. వెంటనే నిఖిల వీడియో కాల్ చేసింది. ముఖం వెలిగిపోతోంది.

"అన్నయ్యా, ఫోటో చూశావా? నేనే సచివాలయానికి పోయి అప్లై చేశా. ఎవరి రికమెండేషనూ లేదు. ఫ్యామిలీ సర్టిఫికెట్‌లో నలుగురం ఉన్నాం. నీ పేరు కింద నా పేరు."

ఆ పిల్ల సంతోషానికి కారణం ఉంది. అగ్రికల్చర్ బీఎస్సీలో మంచి మార్కులు తెచ్చుకుని, పప్పుధాన్యాల తెగుళ్ళ మీద చేసిన చిన్న ప్రాజెక్టును కెనడాలోనే సస్కటూన్‌లో ఉన్న ఒక యూనివర్సిటీ ప్రొఫెసర్‌కు పంపింది. ఆయన వీడియోలో ఇంటర్వ్యూ చేసి, మాస్టర్స్‌కు తన దగ్గర సీటు, స్టైపెండు రెండూ ఇస్తానన్నాడు. కన్సల్టెన్సీ గడప తొక్కకుండా, తండ్రి చేత అప్పు చేయించకుండా వస్తున్న సీటు అది. ఇక చదువుకోడానికి కెనడా వాళ్ళిచ్చే స్టడీ పర్మిట్ రావడమే తరువాయి.

దీక్షిత్ గబుక్కున లేచాడు. ఫోన్ పట్టుకుని బాత్‌రూమ్‌లోకి పోయి తలుపేసుకున్నాడు.

"ఇది పంపొద్దు నిఖీ. ఇక్కడ శాశ్వతంగా ఉండిపోడానికి పెట్టుకున్న నా పీఆర్ ప్రాసెస్‌లో ఉంది. నా ఫైల్‌లో తోబుట్టువులు లేరని ఉంది. నువ్వు అన్నయ్య ఉన్నాడని రాస్తే, నా పేరు కొట్టి చూస్తారు. రెండు సర్టిఫికెట్లూ ఒకే ఆఫీసువి. నా పని అయిపోతుంది."

"మరి నన్నేం చేయమంటావ్?"

"నాన్నతో చెప్తా. నీకూ ముగ్గురికే సర్టిఫికెట్ తెప్పిస్తాడు. అమ్మ, నాన్న, నువ్వు."

"నా దగ్గర నిజం కాగితం ఉంది అన్నయ్యా. అది పక్కన పెట్టి దొంగది పంపమంటావా?" అంది నిఖిల.

"కొన్నాళ్ళే కదా. నా పీఆర్ రానీ, తర్వాత అన్నీ సరిచేద్దాం."

తర్వాత ఎట్లా సరిచేస్తాడో అతనికీ తెలియదు. ఆ మాట ఫోన్ పెట్టేయడానికి పనికొచ్చింది, అంతే.

అతను మరీ చెడ్డవాడేం కాదు. మనసు పీకుతూనే ఉంది. దగ్గర్లోనే మిల్టన్ అనే ఊళ్ళో ధాత్రి అనే ఇమ్మిగ్రేషన్ లాయర్ ఉంది. హైదరాబాద్ మనిషి, ఊరికే భయపెట్టదు, ఊరికే ధైర్యమూ చెప్పదని మనవాళ్ళలో పేరు. మర్నాడు షిఫ్టు మానుకుని వెళ్ళి, స్నేహితుడి కథ అన్నట్టు మొదలుపెట్టాడు. ఆవిడ రెండో వాక్యానికే కనిపెట్టింది.

"మీ చెల్లెలి పేరు దాచమని ఎవరన్నారు?"

"కన్సల్టెన్సీ వాళ్ళు మేడమ్. ఒక్కడే కొడుకంటే వీసా ఈజీ అని."

"చెల్లెలుందని ఎవరికీ వీసా ఆగదు దీక్షిత్. మీరు దాచింది ఎవరూ అడ్డం చెప్పని విషయం. ఇప్పుడు దాచారు కాబట్టి అదే అడ్డమైంది." ఆవిడ గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "ఇలాంటివి ఎన్నో వస్తాయి నా దగ్గరికి. చేయాల్సిన పని ఒక్కటే. వాళ్ళు అడక్కముందే మీరే రాయండి. తప్పు జరిగింది, నాకు చెల్లెలుంది, ఇదిగో అసలు సర్టిఫికెట్ అని. మీ పీఆర్‌కు దెబ్బ తగలొచ్చు, తగలకపోవచ్చు. నేను మాటివ్వలేను. కానీ ఆ అమ్మాయి మాత్రం నిజం కాగితంతోనే వెళ్ళాలి. ఆమె చేత అబద్ధం చెప్పిస్తే ఆ మచ్చ ఆమెదే అవుతుంది."

"ఆలోచిస్తాను మేడమ్" అన్నాడు దీక్షిత్.

ఆలోచించాడు కూడా. రైలు దిగేలోపే ఆలోచన తండ్రి వైపు తిరిగింది. ఫోన్ చేస్తే రాఘవులు ఒక్కటే అన్నాడు. "ఒరేయ్, ఆవిడ లాయరు, ఎన్నైనా చెప్తుంది. చేతికందినదాన్ని నువ్వే తోసేసుకుంటావా? పిల్లకు నేను చెప్తాలే." ఆ మాటతో దీక్షిత్‌కు ప్రాణం లేచొచ్చింది. తన నోటితో అననక్కర్లేకుండా తండ్రి అనేశాడు కదా, అందుకు.

వారం తిరక్కుండానే కొత్త సర్టిఫికెట్ తయారైంది. వీఆర్వో మారలేదు, సాక్షులూ మారలేదు. ఈసారి కొడుకు లేడు. ఆ ఊళ్ళో ఒకే గడపకు, ఒకే అమ్మానాన్నలకు కాగితాల మీద రెండు కాపురాలు. ఒక దాంట్లో కొడుకు ఒక్కడే, ఇంకో దాంట్లో కూతురు ఒక్కతే. రెంటి మీదా ప్రభుత్వం వారి ముద్ర నిక్షేపంగా ఉంది. రెండు చోట్లా పిల్లల్ని కన్న తల్లి ఎందుకిట్లా అని అడగలేదు.

నిఖిల రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. తర్వాత ఇంట్లోవాళ్ళు అన్నయ్య జీవితం అన్నారు, కన్నవాళ్ళ పరువు అన్నారు, నీకేం పోతుందన్నారు. సరేనంది. అప్లికేషన్ మొత్తం అన్నయ్యకు పంపి, ఒకసారి చూడమంది. దీక్షిత్ సర్టిఫికెట్ చూశాడు, తన పేరు లేదని నిర్ధారించుకున్నాడు. ఫ్యామిలీ ఫామ్ చూశాడు, తోబుట్టువుల గడి ఖాళీగా ఉంది. ప్రొఫెసర్ రాసిచ్చిన ఉత్తరం కూడా తెరిచాడు. మొదటి పేరాలో చెల్లెలి పొగడ్తలు చదివి, బాగుందిలే అనుకుని మూసేశాడు. తన పేరు ఎక్కడా కనపడకూడదన్నదే అతని వెతుకులాట.

ఆ ఉత్తరంలో చివరి పేరా ఉంది. ఇంటర్వ్యూలో ఆ పెద్దాయన, మా దగ్గర చలి ఎక్కువమ్మా, ఈ దేశంలో నీకెవరైనా ఉన్నారా అని అడిగితే, మా అన్నయ్య ఒంటారియోలో ఉన్నాడు సార్ అని ఈ పిల్ల గొప్పగా చెప్పుకుంది. ఆయన అది గుర్తుపెట్టుకుని, ఆమె సోదరుడు ఇక్కడే ఉన్నాడు, త్వరగా అలవాటు పడుతుంది అని మంచి మనసుతో రాశాడు. ఆఫీసర్ చివరి పేరా దాకా చదివాడు. అది అతని ఉద్యోగం.

సోదరుడు లేడని మీరు రాశారు, ఉన్నాడని ఈ ఉత్తరం చెబుతోంది, వివరణ ఇవ్వండి అని నిఖిలకు నోటీసు వచ్చింది. అదే వారంలో దీక్షిత్‌కు పీఆర్ వచ్చింది.

బేస్‌మెంట్‌లో కేకు కోశారు. రేవంత్ దీక్షిత్ ముఖానికి క్రీము పూశాడు. దీక్షిత్ నవ్వుతూ ఫోటోలు దిగాడు, ఆ తర్వాత ముఖం కడుక్కుని ధాత్రికి ఫోన్ చేశాడు.

"ఇప్పుడైనా రాయండి" అంది ఆవిడ. "మీరు చెబితేనే ఆమె అలా చేసిందని మీరే సంతకం పెట్టి రాయండి. ఆ అమ్మాయికి అదొక్కటే దారి. మీకు ప్రమాదం ఉంది, లేదని అబద్ధం చెప్పను."

అతను లాప్‌టాప్ తెరిచాడు. డియర్ ఆఫీసర్ అని టైప్ చేశాడు. ఈ కార్డు కోసం చేసిన షిఫ్టులు, మోసిన పెట్టెలు, మంచులో బస్సు కోసం నిలబడ్డ పొద్దులు అన్నీ గుర్తొచ్చాయి. చెల్లెలు కూడా గుర్తొచ్చింది. అదేం దురదృష్టమో, ఆమె ఎప్పుడూ చివర్లోనే గుర్తొస్తుంది. లాప్‌టాప్ మూసేశాడు.

చివరికి రాఘవులు సలహా ప్రకారమే జవాబు వెళ్ళింది. ప్రొఫెసర్ గారు పొరబడ్డారు, అతను దూరపు బంధువు అని. దాని మీద నిఖిల చేతే సంతకం పెట్టించారు. ఆఫీసర్ నమ్మలేదు. కుటుంబ వివరాలు దాచినందుకు పర్మిట్ తిరస్కరించారు, ఐదేళ్ళ దాకా కెనడాలో అడుగుపెట్టకూడదన్నారు. ప్రొఫెసర్ విచారం తెలుపుతూ మెయిల్ పెట్టాడు. అందులో మర్యాద ఉంది, మునుపటి ఆప్యాయత లేదు. తనను పొరబడ్డవాడిగా చూపించిన పిల్ల మీద ఆయనకు ఇంకేం ఆప్యాయత ఉంటుంది? సీటు ఇంకొకరికి పోయింది.

శనివారం పొద్దున్నే దీక్షిత్ ఇంటికి ఫోన్ చేశాడు. స్పీకర్‌లో రాఘవులు గొంతే ముందు వినిపించింది. "అయిందేదో అయింది. ఒకరైనా ఒడ్డున పడ్డారు, అదే పదివేలు. ఇంక నువ్వేం కదపకు. ఆడపిల్ల, దానికి ఇక్కడే ఏదో ఉద్యోగం చూద్దాం."

"ఫోన్ ఇటివ్వండి నాన్నా" అంది నిఖిల.

ఏడుస్తుందనుకున్నాడు దీక్షిత్. తిట్టినా బాగుండుననుకున్నాడు. ఆమె నిదానంగా మాట్లాడింది.

"అన్నయ్యా, ధాత్రి గారు నిన్నేం రాయమన్నారో నాకు తెలుసు. నాన్న మాటల్లో ఆవిడ సంగతి విని, నేనే ఫోన్ చేసి నా కేసు చెప్పి కనుక్కున్నా. నువ్వు రాయలేదు. రాయమని నేను అడగను. నీ పీఆర్ పోతే నాకేం వస్తుంది?"

ఆ మాటకు అతనికి ముందుగా కలిగింది ఊరట. సిగ్గు ఆ తర్వాత వచ్చింది. ఆ వరస అతనికి జీవితాంతం గుర్తుండాలి.

"నిఖీ, నేను..."

"నన్ను చెప్పనీ. ఆఫీసర్ మీద నాకు కోపం లేదు. వీఆర్వో మీద కూడా లేదు, మీరు చెప్పిందే ఆయన రాశాడు. నాలుగేళ్ళ క్రితం మీరు నన్ను తీసేస్తే, ఏదో కాగితమే కదా అనుకున్నా. ఈసారి నా దగ్గర నిజం కాగితం ఉంది, నా చదువు ఉంది, నన్ను పిలిచిన మనిషి ఉన్నాడు. అయినా నా చేతే అబద్ధం చెప్పించారు. ఆ దేశం నన్ను అబద్ధాలకోరు అంది. అది అబద్ధం కూడా కాదు, సంతకం నాదే."

అవతల సుగుణ ముక్కు చీదుతున్న చప్పుడు వినిపించింది. రాఘవులు దగ్గాడు.

"దొంగ సర్టిఫికెట్ మండలాఫీసులో పుట్టదు అన్నయ్యా, ఇంట్లోనే పుడుతుంది. వీళ్ళలో ఎవర్ని దాస్తే మనకు లాభం అని కన్నవాళ్ళు లెక్కేసిన రోజే అది తయారైపోతుంది, తర్వాత ఆఫీసులో వేసేది ముద్ర మాత్రమే. సొంత ఇంటివాళ్ళే మనుషుల్లో లెక్కేయని ఆడపిల్లను ఏ దేశమూ లెక్కేయదు."