మంగాయమ్మ రొంటిన తాళంచెవి

నేను ఒక జోస్యం చెప్పే పేకను. ఆసులూ రాణులూ ఉండే జూదపు పేక అనుకునేరు, ఆ రకం కాదు. నా ముప్పై ఆరు ముక్కల మీదా బొమ్మలే: ఓడ, నక్క, ఎలుకలు, గోపురం, చీలిన దారి, శవపేటిక, తాళంచెవి, ఇలాంటివి. జర్మనీలో ఏదో ఊళ్ళో అచ్చువేశారు. ఆ ఊరి పేరు నా డబ్బా మీద ఉండేది. డబ్బాను చెదలు తినేశాయి, పేరూ పోయింది.

క్లోతిల్ద్ అనే ఫ్రెంచి దొరసాని నన్ను ట్రంకులో పెట్టుకుని యానాం తెచ్చింది. ఆవిడ వంటమనిషి మంగాయమ్మ. అక్షరం రాదు. గుమ్మం దగ్గర చింతపండు పిసుకుతూ, దొరసాని ముక్కలు పరచడం పన్నెండేళ్ళు చూసి చూసి నన్ను చదవడం నేర్చేసుకుంది. దొరసాని వాళ్ళ దేశం వెళ్ళిపోతూ నన్ను ఆమె చేతిలోనే పెట్టింది. అప్పట్నుంచీ ఊళ్ళోవాళ్ళు జోస్యానికి మంగాయమ్మ ఇంటికే వచ్చేవారు.

నాలో ఏ ముక్కా ఒంటరిగా మాట్లాడదు, పక్కదాన్ని బట్టే మాట. శవపేటిక కనబడగానే జనం గుండె పట్టుకుంటారు. అది ఏదో ముగిసిందంటుంది, అంతే. దాని తర్వాత సూర్యుడు పడితే జబ్బు తగ్గుతుందన్నమాట. ఉత్తరం పక్కన నక్క ఉంటే ఆ ఉత్తరాన్ని నమ్మకూడదు. అడిగేది ఆడమనిషైతే ముందు ఆడబొమ్మను వెతకాలి. ఆమె మొహం ముందున్నవి రాబోయేవి, వీపు వెనకున్నవి అయిపోయినవి. చిత్రమేమిటంటే, మనుషులు ఎప్పుడూ వీపు వెనక వాటి గురించే మళ్ళీ మళ్ళీ అడుగుతారు.

ఇంకో చిత్రం, జవాబు దొరకగానే లేచి వెళ్ళిపోతారు. మంగాయమ్మకు నా అనేవాళ్ళు లేరు. అందుకని ఒక ఉపాయం పన్నింది. ఖాయమని చెప్పగలిగేది నాలో తాళంచెవి ఒక్కటే. పరిచే ముందు దాన్ని తీసి రొంటిన దోపుకునేది. ఇక నేను అటూ ఇటూ గొణగడమే.

"ఇయ్యాల్టికింతేనే. ముక్కలు సరిగ్గా మాటాడ్డం లేదు. రేపు రా" అనేది. వాళ్ళు రేపు వచ్చేవారు, కాఫీ తాగేవారు, కాసేపు కబుర్లు చెప్పేవారు. నేనూ నోరు మూసుకున్నాను. చాప మీద నలుగురు కూర్చుంటే నాకు మాత్రం చేదా?

ఒక సోమవారం వీరవేణి వచ్చింది. కొబ్బరి పీచు తీసి తీసి వేళ్ళు పగిలిన పిల్ల. కాకినాడ ఆస్పత్రిలో ఆయా పని దొరికింది, శుక్రవారం మధ్యాహ్నం లోపల వెళ్ళి చేరాలి. అన్న వద్దంటున్నాడు. వెళ్ళాలా, మానాలా?

మంగాయమ్మ రేపు రమ్మంది. మంగళవారమూ అదే మాట, బుధవారమూ అదే మాట.

"ఏం పిన్నిగారండీ, మీ ముక్కలకి రోజూ నోరు నొప్పేనా?" అంది వీరవేణి నవ్వుతూ.

"నీకు తొందరెక్కువే. మీ యమ్మ నిన్ను తొమ్మిది నెల్లు మోసింది, నువ్వు నాలుగ్రోజులు ఆగలేవా?"

"నాకున్నయ్యి రెండ్రోజులేనండి."

గురువారం ఆ పిల్ల నవ్వలేదు. పరిచిన ముక్కల్ని చేత్తో పక్కకు జరిపింది. "ఇయ్యి ఒద్దండి. మీరేవంటారో చెప్పండి, ఎల్లనా?"

మంగాయమ్మ చెయ్యి రొంటి దగ్గరికి వెళ్ళింది, అక్కడే ఆగింది. "రేపు పొద్దుటే రా. తప్పకుండా చెప్తాను."

శుక్రవారం పొద్దున్నే రెండు గ్లాసుల్లో కాఫీ పోసింది. ముప్పై ఆరింటినీ కలిపింది, ఒక్కటీ దాచకుండా చాప మీద పరిచింది. కాఫీ మీద మీగడ కట్టింది. చేపలమ్మే సత్తెమ్మ గంప దించకుండానే వీధిలోంచి కేకేసింది.

"వేణి కోసవేనా? తెల్లారగట్టే బస్సెక్కేసిందండి! ఆళ్ళన్న ఒకటే కేకలు. ఆ పిల్ల ఎనక్కి తిరిగితే ఒట్టు!"

మంగాయమ్మ ఊ అంది. సత్తెమ్మ వెళ్ళిపోయాక చాప మీద వీరవేణి కూర్చునే చోటు వైపు తిరిగి కూర్చుంది. ఆడబొమ్మ మీద వేలు పెట్టింది.

"ఎల్లవే తల్లీ. నీ మొగం ముందు దారుంది. ఆ పక్కన గోపురం, అది నీ ఆస్పత్రే. దాని పక్కన తాళంచెవి పడింది, ఖాయవే. ఎనకాల పక్షులున్నాయి చూడు, అయి మీ అన్న అరుపులు. ఆటిని పట్టించుకోకు."

చివరి వరస దాకా, ఒక్క ముక్కా వదలకుండా చదివింది. అంత నిజంగా నన్ను ఎప్పుడూ చదవలేదు. పొద్దు వాలేదాకా నన్ను చాప మీంచి ఎత్తనూ లేదు.