ఆదివారం తెలిసిన బోర్డు

మూడు బోర్డులనూ చలికాలమంతా పోల్చి చూసింది నేనే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే తరువాత మా బావ హైస్‌బెర్ట్ చర్చి ముందు నలుగురిలో అన్నదీ అదే: "బోర్డు ఎంచింది వౌటే కదా!"

ఎంచింది నేనే. దానికి ఆదివారం నేర్పమన్నది ఎవరు?

నేను పళ్ళ పెట్టెలు చేసే చోట వడ్రంగిని. పెద్ద చదువు లేదు. శనివారం మధ్యాహ్నాలు ఇంటి వెనక కొట్టంలో కూర్చుని, అరచేతిలో ఇమిడే చిన్న చిన్న కంప్యూటర్ బోర్డులకు తీగలు అతికి ఏదో ఒకటి చేస్తుంటాను. కోళ్ళ గూడు తలుపు తెల్లవారగానే దానంతటదే తెరుచుకునేలా చేశాను. "నువ్వూ అలా నీ అంతట నువ్వే లేస్తే బాగుండేది" అంటుంది నా భార్య యాంచె.

ఈసారి పని మాత్రం సరదాకు కాదు. మా పక్కింటి నేల్చే పిన్ని భర్త ఆరీ బాబాయి కిందటేడు ఆకులు రాలే వేళకు పోయాడు. వాల్ నది గట్టు కింద వాళ్ళ బేరి తోట ఉంది. ఏప్రిల్లో పూత మీద ఉండగా చలి సున్నాకు దిగితే ఆ ఏటి పంట పోయినట్టే. దిగకముందే పంపు వేసి చెట్ల మీద నీళ్ళు చిమ్మాలి. ఆ నీరు పూల చుట్టూ గడ్డకడుతుంది, ఆ గడ్డే పువ్వును కాపాడుతుంది. ఆరీ బాబాయి ఏటా రాత్రుళ్ళు మేలుకుని కనిపెట్టుకుని ఉండేవాడు. పిన్నికి అంత ఓపిక లేదు.

"ఈ ఒక్క ఏడూ నా చేత్తో పండిస్తానురా వౌట్" అంది నాతో. "పండితే తోట ఉంచుకుంటాను. లేకపోతే అమ్మేసి మా అక్క దగ్గరికి పోతాను."

అందుకని, చలి దిగుతూంటే ఆమె మంచం పక్కన గంట మోగే పెట్టె ఒకటి చేద్దామనుకున్నాను. మూడు బోర్డులు తెచ్చి, మూడింటికీ చలి కొలిచే పూస ఒకటి తగిలించి, కొట్టం బయట గోడకు వరసగా వేలాడదీశాను. మొదటిది నీలి బోర్డు. పాతకాలపుది, మొద్దు. చెప్పిన పని ఒక్కటే చేస్తుంది, మంచు కురిసినా తుపాను వచ్చినా ఒక్కసారీ తప్పు చెప్పలేదు. కానీ అది నిద్రపోదు, బ్యాటరీని పీల్చి పిప్పి చేస్తుంది. రెండోది ఫోనుకు కబురు పంపగలదు, చవక కూడా. నది మీంచి పొగమంచు వచ్చిందంటే చాలు, వైఫై దొరక్క, అలిగిన కోడలిలా నోరు మూసుకుని కూర్చునేది. మూడోది తెలివైనది. కాసేపు నిద్రపోయి, లేచి చలి చూసుకుని, మళ్ళీ పడుకుంటుంది. చిన్న బ్యాటరీతో వసంతమంతా గడిపేస్తుంది. దాని లోపల సొంత గడియారం ఉంది. తేదీ, వారం కూడా తెలుసు.

గట్టు వెంట ఉన్న మిగతా తోటల వాళ్ళూ మాకూ కావాలన్నారు. మార్చిలో ఒక శనివారం చర్చి పక్క హాల్లో అందరం కాఫీకి కూడాం. నేను మూడు బోర్డులూ బల్ల మీద పెట్టి నాకు తెలిసినంత చెప్పాను. మూడోదే మేలన్నాను.

బావ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూశాడు. అతను యాంచెకు అన్నగారు, మా సంఘంలో పెద్ద.

"దీనికి ఏ రోజో తెలుసంటున్నావు?"

"తెలుసు బావా."

"అయితే ఆదివారం దీనికి సెలవివ్వు."

ముందు నాకు అర్థం కాలేదు. "చలికి సెలవుంటుందా బావా?" అన్నాను.

"గంట మోగితే మనిషి లేచి పంపు దగ్గరికి పరిగెత్తాలి. ప్రభువు దినాన మనుషుల్ని పనిలోకి తోలే యంత్రాన్ని మన చేత్తో మనమే ఇంట్లో పెట్టుకుంటామా?"

"ఆవుల్ని ఆదివారం కూడా పితుకుతున్నాం కదా."

"ఆవు ప్రాణం ఉన్నది. పొదుగు నొప్పెడుతుంది. నీ పెట్టెకు పొదుగుందా?"

వెనకనించి కీస్ అనే కుర్రరైతు, "ఫ్రిజ్ కూడా ఆపేద్దామా పెద్దయ్యా? పాపం అదీ ఆదివారం పని చేస్తోంది" అన్నాడు. అందరూ నవ్వారు. బావ నవ్వలేదు.

"ఫ్రిజ్ నిన్ను మంచం మీంచి లేపదు. నువ్వేం చేసినా లేవవు, అది వేరే సంగతి."

ఈసారి అందరూ బావ మాటకు నవ్వారు.

నేల్చే పిన్ని మెల్లగా అంది: "ఆరీ ఆదివారం కూడా లేచి చూసేవాడు."

"ఆరీ మనిషి. మనిషి తన మనస్సాక్షి చెబితే లేస్తాడు. అది వేరు."

"మరి ఆదివారం ఎవరు కనిపెట్టుకుని ఉంటారు?" అన్నాను.

"దేవుడు" అన్నాడు బావ.

ఆ మాట వచ్చాక ఎవరు నోరెత్తుతారు? ఎత్తితే నమ్మకం లేనివాళ్ళమవుతాం. చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. పిన్ని కూడా ఎత్తింది. శనివారం అర్ధరాత్రి నించి ఆదివారం అర్ధరాత్రి దాకా గంట మోగకుండా ప్రోగ్రాం రాసి, పెట్టెలన్నీ నేనే బిగించి వచ్చాను.

పూత విరగబూసింది. ఏప్రిల్లో ఒక ఆదివారం తెల్లవారుజామున నీళ్ళ చప్పుడుకు మెలకువ వచ్చింది. వానేమో అనుకున్నాను. కిటికీ తెరిస్తే చలి మొహం మీద కొట్టింది. ఆకాశం నిర్మలంగా ఉంది, గడ్డి తెల్లగా ఉంది. నీళ్ళ చప్పుడు బావ తోట నించి వస్తోంది.

కోటు తగిలించుకుని సైకిలెక్కాను. బావ తోటలో నీళ్ళు ఎప్పటినించో చిమ్ముతున్నాయి. కొమ్మలన్నీ గాజు తొడుగు వేసుకున్నట్టున్నాయి, ప్రతి గడ్డలోనూ ఒక పువ్వు భద్రంగా ఉంది. పంపు పక్కన ఒక కుర్చీ, దాని మీద మడతపెట్టిన దుప్పటి, కింద కాఫీ ఫ్లాస్కు ఉన్నాయి. కుర్చీ ఎదురుగా గుంజకు మేకు కొట్టి పాత థర్మామీటరు వేలాడదీశారు.

ఆ కుర్చీని చూస్తూ ఒక నిమిషం నిలబడిపోయాను. తరువాత సైకిలు వెనక్కి తిప్పాను.

పిన్ని తలుపు విరిగేలా బాదాను. ఇద్దరం పంపు వేశాం కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. ఆమె ఒక పువ్వు తుంచి, గోటితో చీల్చి నాకు చూపించింది. మధ్యలో నల్లగా ఉంది. ఇంకోటి చీల్చింది. అదీ నలుపే. పైకి మాత్రం పువ్వులు ముందురోజు లాగే తెల్లగా, ముద్దుగా ఉన్నాయి.

"గట్టు వారనున్న వరసలు ఇంకా విచ్చలేదు" అంది. "అవి ఆలస్యంగా పూసే రకం." ఏడ్చి ఉంటే నాకు నయంగా ఉండేది.

ఆరాధనకు వెళ్ళాం. బావ నల్ల సూటులో పాస్టరు గారికి చెయ్యి కలిపి వేదిక మెట్ల దాకా సాగనంపి పెద్దల బల్ల మీద కూర్చున్నాడు. జుట్టు ఇంకా తడిగానే ఉంది. కీర్తన సాగినంతసేపూ నేను అతని వైపే చూస్తున్నాను. యాంచె నా చెయ్యి నొక్కింది, ఇక్కడ కాదు అన్నట్టు.

బయట సైకిళ్ళ దగ్గర పట్టుకున్నాను.

"నువ్వు లేచావు బావా."

"నిద్ర పట్టలేదు."

"నిద్ర పట్టనివాడు దుప్పటీ ఫ్లాస్కూ పట్టుకుని తోటలో కుర్చీ వేసుకుంటాడా? ఆ మేకు ఆదివారం కొట్టావా, శనివారం కొట్టావా?"

"గొంతు తగ్గించు. మనిషి తన మనస్సాక్షి చెబితే..."

"నీ మనస్సాక్షి నీ కంచె దగ్గరే ఎందుకు ఆగిపోయింది?"

"ఆదివారం నేను ఫోను ముట్టను. నీకు తెలుసు."

"పిడికిలి కూడా ఎత్తవా, తలుపు కొట్టడానికి? దేవుడు చూస్తాడని మమ్మల్ని పడుకోబెట్టావు. ఆ దేవుడి మీద నీకే నమ్మకం లేక రాత్రంతా కూర్చున్నావు!"

జనం ఆగి చూస్తున్నారు. అప్పుడన్నాడు, మెడ నిటారుగా పెట్టి: "బోర్డు ఎంచింది వౌటే కదా!"

నా చెయ్యి లేచేదే. యాంచె మధ్యలోకి వచ్చింది. "అన్నయ్యా, ఇంటికి పో. వదిన ఎదురు చూస్తోంది" అంది. చిన్నప్పటినించీ ఆమె అతనితో అంత కటువుగా మాట్లాడటం నేను వినలేదు.

మధ్యాహ్నం భోజనం ముందు ప్రార్థన చెయ్యడం నా వంతు. కళ్ళు మూసుకున్నాను. క్షమించమని అడిగే చోట ఆగిపోయాను. సూపు చల్లారుతోంది, పిల్లలు ఒక కన్ను తెరిచి చూస్తున్నారు. ఆదివారాన్ని నేనూ ప్రేమిస్తాను. ఆ రోజు కొట్టం తాళం తియ్యను, ఇప్పటికీ తియ్యను. కానీ ప్రభువా, విశ్రాంతి మా అలసట కోసం ఇచ్చావా, మా పక్కవాడి పట్ల చెవులు మూసుకోవడానికి ఇచ్చావా? ఆమెన్ అని చెంచా తీశాను.

ఆ వారమంతా కోపం తగ్గలేదు. పనిలో కొట్టిన మేకులు వంకర పోయాయి. శనివారం నీలి బోర్డును గోడ మీంచి దింపి, దానికి కారు బ్యాటరీ ఒకటి జతచేశాను. తాగనీ, ఎంత తాగుతుందో తాగనీ. వారాలు తెలియని మొద్దే ఇప్పుడు పిన్నికి కావాలి.

తీగలు బిగిస్తుంటే గుమ్మంలో బావ నీడ పడింది. టోపీ చేతిలో ఉంది.

"రేపు మళ్ళీ చలి అంటున్నారు."

నేను ఇంకో తీగ అందుకున్నాను.

"అలాంటిది నాకూ ఒకటి..."

"నీకెందుకు? నీకు కుర్చీ ఉందిగా."

టోపీని చేతుల్లో తిప్పాడు. "నేను తలుపు కొట్టి ఉండాల్సింది" అన్నాడు చివరికి, నాతో కాదు, గోడతో అన్నట్టు. "హాల్లో అంత గట్టిగా అన్నాక... ఏ మొహంతో కొట్టను?"

"ఆ మాట చెప్పాల్సింది నాకు కాదు. ఆ కుర్చీ పట్టుకెళ్ళి పిన్ని తోటలో వేసుకో" అని స్క్రూ తిప్పుతూ ఉండిపోయాను. వెళ్ళిపోయాడు.

ఆదివారం ఇంకా చీకటి విడకముందే నేల్చే పిన్ని ఇంట్లో గంట మోగింది. మా పడకగదిలోకి కూడా వినిపించింది. నేను పరిగెత్తుకుని వెళ్ళేసరికి గట్టు వార వరసల మీద నీళ్ళు అప్పటికే చిమ్ముతున్నాయి. పంపు దగ్గర బావ, గొట్టం కీలు తిప్పుతూ, మోచేతుల దాకా తడిసి ఉన్నాడు. వెనక కుర్చీ ఉంది.

సూర్యుడు గట్టు ఎక్కేదాకా చెరో పక్క నిలబడి నీళ్ళు ఆగకుండా చూశాం. పిన్ని కాఫీ తెచ్చి ఇద్దరికీ చెరో కప్పు ఇచ్చింది. ఒక మొగ్గ తుంచి, చీల్చి, వెలుతురుకు పట్టి చూసింది. ఆకుపచ్చగా ఉంది.

"కుర్చీ ఇక్కడే ఉంచు హైస్‌బెర్ట్. పూత రాలేదాకా పనికొస్తుంది" అంది.

"ఉంచుతాను పిన్నీ."

చర్చికి వేళవుతోందని కదిలాం. బావ కోటు జేబులోంచి పిప్పరమెంటు బిళ్ళల పొట్లం తీసి, కాగితం చించి, ఒకటి నా వైపు చాచాడు. మా కుటుంబంలో ప్రసంగం మొదలయ్యే ముందు ఎప్పుడూ అతనే పంచుతాడు.

తీసుకున్నాను. నోట్లో వేసుకోలేదు. జేబులో పెట్టుకుని సైకిలెక్కాను.