దెబే పరుగెత్తలేదు

బెసా తోలుసంచీ సర్దుతోంది. కత్తి, నిప్పు పుల్లలు, గుప్పెడు మొంగొంగో గింజలు, నీళ్లు నింపి గడ్డితో మూతి బిగించిన నిప్పుకోడి గుడ్డు డొల్ల. పక్కనే ఆమె మొగుడు దెబే అమ్ములపొదికి తోలు వారు కట్టుకుంటున్నాడు. అతని వేళ్లు ఇవాళ వణకడం లేదు.

ఆ ఎండాకాలమంతా, నిన్నటిదాకా, దెబే వేసిన ప్రతి బాణమూ తప్పింది. జంతువు ఎదురుపడగానే గుండె దడదడలాడి చేతులు వణికేవి. "మాంసం తేలేని అల్లుడు నాకెందుకు? వానలు పడేలోగా పెద్ద జంతువు పడకపోతే పిల్లను తీసుకుపోతాను," అని బెసా తండ్రి గషే అందరి ముందూ అనేశాడు.

నిన్న సాయంత్రం దెబే వచ్చి మంటకు ఎడంగా కూలబడ్డాడు.

"ఏం కనబడింది అల్లుడూ?" అన్నాడు గషే.

"నాబోటి చేతగానివాడికి ఏం కనబడుతుంది మామా? ఏదో బక్క దుప్పి. కాకులకు కూడా చాలదు."

కలహారి ఎడారిలో వేటగాడు అలా అన్నాడంటే పెద్దదే తగిలిందని అర్థం. గషే మొహం విప్పారింది.

"ఆ ఎముకల పోగు కోసం రేపు నా ముసలి కాళ్లు ఈడ్చుకు రావాలా? అయినా గురెలా కుదిరిందయ్యా?"

"నువ్వు చెప్పినట్టే. ఊపిరంతా వదిలేశాను. మళ్లీ పీల్చేముందు లోపల కాస్త ఖాళీ ఉంటుంది చూడు, అక్కడ ఆకలి లేదు, బెసా లేదు, నువ్వూ లేవు. అప్పుడు బాణం వదిలాను."

"నేను లేకపోబట్టే తగిలిందన్నమాట!"

అందరూ నవ్వారు. గషే గొంతు తగ్గించాడు.

"అసలు నిబ్బరం ఇప్పుడు కావాలి. బాణం విషం మెల్లగా ఎక్కుతుంది. దుప్పి పడేదాకా పరుగెత్తకు, ఉలిక్కిపడకు. వేటగాడెలా ఉంటే వేటా అలాగే ఉంటుంది. ఇక్కడ నీ గుండె ఎగిరిందా, అక్కడ దుప్పి లేచిపోతుంది. నువ్వూ అంతేనే బెసా, వినబడిందా?"

తెల్లారాక దెబే బెసా సర్దిన సంచీ భుజాన వేసుకుని, అందరికంటే ముందు, తాను కొట్టిన దుప్పిలాగే కాళ్లీడుస్తూ మెల్లగా బయలుదేరాడు. గుడిసెలు దాటాడో లేదో లారీ చప్పుడు వినబడింది. తెల్ల రైతులు. పొలం పనికి మనుషుల్ని పట్టుకుపోయేవాళ్లు. అందరూ ముళ్లపొదల్లోకి పరుగెత్తారు. బెసాను తండ్రి లాక్కుపోయాడు.

దెబే మాత్రం నడుస్తూనే ఉన్నాడు. పొదలు అతనికీ దగ్గరే. ఒక్క ఉరుకు ఉరికితే చాలు. లారీ అతని వైపు తిరిగింది.

పరుగెత్తమని అరవడానికి బెసా నోరు తెరిచింది. అరిస్తే అతని గుండె అదురుతుంది. దుప్పి లేచిపోతుంది. వానలొస్తాయి. తండ్రి తనను వెంటబెట్టుకుని పోతాడు.

ఆమె నోరు మూసుకుంది.

లారీ దిగిన తుపాకీవాడు రెక్క పట్టుకున్నా దెబే విదిలించుకోలేదు. పొదల వైపు చూడకుండా, మామూలు గొంతుతో, "మామా, ఎండిన మడుగు దాటాక జాడ తూర్పుకు తిరిగింది," అని చెప్పి లారీ ఎక్కాడు.

గషే జాడ పట్టుకుని వెళ్లాడు. దుప్పి పడి ఉంది. బలిసిన మగది. మాంసం పంచుతుంటే ఎవరూ దాన్ని ఎగతాళి చేయలేదు. గషే పెద్ద ముక్క తెచ్చి కూతురి ముందు పెట్టాడు.

"వాడు వచ్చేదాకా నువ్వు ఇక్కడే ఉండవే," అన్నాడు.

బెసా దాన్ని ముట్టలేదు.

ఆ ఏడు వానలకు ముందు లారీ ఎక్కిన దెబే వానలు పడ్డాక రాలేదు. బెసా బతికుండగా ఏ ఏడూ రాలేదు.