బానెట్ మీద అంగుళం గీత

బానెట్ మీద మా ఆయన వ్యాక్స్ రుద్దుతున్నారు, ఎప్పటిలాగే చిన్న చిన్న సున్నాలు చుడుతూ, పెదవులు బిగించి, లోకంలో ఇంకే పనీ లేనట్టు, నేనేమో పోర్టికో మెట్టు మీద నిలబడి, పోయి పదకొండు నెలలైన మనిషి బనీను వేసుకుని కారు దగ్గర నిలబడ్డాడేమిటని ఆశ్చర్యపోవడం మానేసి, ఇడ్లీలు చల్లారిపోతున్నాయని విసుక్కుంటున్నాను. ఇల్లు కాకినాడలో మా ఇల్లే, పోర్టికో మాదే, కాని గేటు ఉండాల్సిన చోట గేటు లేదు, అక్కడి నుంచి సముద్రం మొదలవుతోంది, అల ఒకటి వచ్చి వెనక టైరు తడిపి పోతోంది, ఆయన మాత్రం అటు చూడటం లేదు.

"ఉప్పుగాలే హైమా" అంటున్నారు తల ఎత్తకుండా. "నెలకోసారి వ్యాక్స్ పడకపోతే రేకంతా తినేస్తుంది."

మరి మిమ్మల్ని ఏం తినేసిందండీ అని అడగాలనుంది, కాని ఇక్కడ నా నోరు నా మాట వినడం లేదు. "ముప్ఫై ఏళ్ళ నుంచి ఇదే పాట వింటున్నాను" అంటున్నాను.

"ఐదింటికి ఎవరో వస్తారటగా. మెరవాలి మరి."

కారు కొనేవాళ్ళు వస్తున్న సంగతి ఈయనకు ఎవరు చెప్పారు? సంవత్సరీకం లోపు అమ్మేయమని మా సునంద ఫోన్లో పోరు పెడుతోంది, కన్నకూతురు మాట కాదనలేక సరేనన్నాను. "ఎవరూ రావడం లేదు" అని అబద్ధం ఆడేస్తాను, ఆయన తల ఊపి మళ్ళీ సున్నాలు చుడతారు, నీలం బానెట్ తెల్లగా ఆరుతూ ఆరుతూ వెడల్పు అవుతోంది, ఆయన దగ్గరకు నాలుగు అడుగులే ఉన్నా ఎంత నడిచినా తరగడం లేదు, మధ్యలో మా వంటింటి గట్టు అడ్డం వస్తుంది, దాని మీద చిక్కుడుకాయల పళ్ళెం, సగం ఒలిచినవి.

ఆ పళ్ళెం చూడగానే నాకు చేతిలో ఏముందో తెలుస్తుంది. మా అమ్మ వెంకటగిరి చీర, చిరిగిన సగం. కట్టి కట్టి వెన్నలా అయిందని, కారుకు గీత పడదని, ఆ ఆదివారం పొద్దున నన్ను ఒక్క మాట అడక్కుండా ఈ మహానుభావుడు నిలువునా చింపేశారు. నేను ఇల్లు పీకి పందిరేసి, వ్యాక్స్ రుద్దుకునే సగం ఆయనకే వదిలేసి, ఆరాక తుడవడానికి ఉంచుకున్న సగం లాక్కుని వంటింట్లో కూర్చున్నాను. కాసేపటికి "హైమా, గుడ్డ తేవే" అని కేక వినిపించింది. కదల్లేదు. ఇంకాసేపటికి "హైమా" అన్నారు, అంతే, గుడ్డ మాట లేదు. అరుచుకోనీ అనుకున్నాను. చిక్కుడుకాయలన్నీ తీరుబడిగా ఒలిచి బయటికి వచ్చేసరికి ముందు టైరు పక్కన పడి ఉన్నారు. ఆ రెండో పిలుపు గుడ్డ కోసమా, ప్రాణం కోసమా? సునందకు కూడా చెప్పలేదు ఈ సంగతి. పదకొండు నెలలుగా అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా ఆ పిలుపే వినిపిస్తుంది.

"ఇలా చూడు" అంటున్నారు ఆయన, ఇప్పుడు నా పక్కనే ఉన్నారు, వంటింటి గట్టు లేదు. "ఆరిందో లేదో ఇలా చూడాలి. ఒక్క వేలు, ఒక్క అంగుళం. అంతకు మించి గీస్తే చేసిన పనంతా పాడు." తెల్లటి పొర మీద చూపుడువేలితో అంగుళం గీత గీస్తారు, గీతలో నీలం తళుక్కుమంటుంది, అందులో నా ముఖం కనిపిస్తుంది, బొట్టుతో. "ఆరింది. గుడ్డ ఇలా ఇయ్యి."

"ఇవ్వను. ముందు నాకు చెప్పండి. ఆ రోజు రెండోసారి ఎందుకు పిలిచారు?"

"ఏ రోజు?"

"మా అమ్మ చీర చింపిన రోజు."

"మీ అమ్మగారిదని తెలిస్తే చింపుతానా?"

"తెలుసు మీకు!"

"తెలుసులే" అని నవ్వుతారు. నాకు ఏడుపు, నవ్వు కలిసి వస్తున్నాయి. అల ఈసారి మా కాళ్ళదాకా వచ్చింది, చల్లగా లేదు, వెచ్చగానూ లేదు.

"మాట దాటేయకండి. ఎందుకు పిలిచారు?"

"గుడ్డ కోసమేనే పిచ్చిదానా. ఇంకా తేలేదేమిటా అని పిలిచాను. అంతే."

"నిజంగా?"

"నిజంగానే."

"అయితే ఒట్టెయ్యండి" అని అరచెయ్యి చాపుతాను. ఆయన నా చేతి వంక చూస్తారు. "చేతినిండా వ్యాక్స్ ఉందే" అని రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంటారు. నేను ముందుకు వంగుతాను, గుడ్డ జారి ఇసుకలో పడుతుంది. "కింద పడ్డ గుడ్డ ఇంక కారుకు పనికిరాదు హైమా, ఇసుక గీరేస్తుంది" అంటున్నారు, ఆ గొంతు అప్పటికే నీళ్ళ అవతల నుంచి వస్తోంది.

మెలకువ వచ్చింది. హాల్లో సోఫా, మధ్యాహ్నం నాలుగు. కొనేవాళ్ళు వచ్చేలోపు కారు తుడుద్దామని బీరువాలోంచి తీసిన చీర ముక్క ఒళ్ళోనే ఉంది. వాయిదా వేస్తూ వేస్తూ అలాగే కన్ను మూతపడినట్టుంది. మనసు తేలికగా ఉంది. గుడ్డ కోసమేనట. చెప్పారుగా.

కారుకు కవరు కప్పింది పక్కింటివాళ్ళు, ఆయనను లోపలికి మోసుకెళ్ళిన వెంటనే. ఆ తర్వాత ఎవరూ తీయలేదు. వెళ్ళి నేనే లాగాను. వ్యాక్స్ సున్నంలా గట్టిపడి ఉంది. అద్దం దగ్గర ఆయన గీసిన గీత కనిపించింది. ఒక్క వేలు, ఒక్క అంగుళం. అప్పుడు పిలిచి ఉంటారు, గుడ్డ తేవే అని.

ఆ గీతకు జానెడు దూరంలో ఇంకోటి మొదలైంది. ఒక్క వేలు కాదు, నాలుగు వేళ్ళు, బానెట్ మధ్య నుంచి హెడ్‌లైట్ దాకా, అక్కడి నుంచి కింద బంపరు దాకా జారిపోయాయి.

అబద్ధం చెప్పారండీ మీరు.

గుడ్డ నా చేతిలోనే ఉంది.