సూది దామినిది, మాట కృష్ణప్రియది

మెడికల్ వార్డులో ఏ తెలుగు పేషెంటు మొండికేసినా కృష్ణప్రియకే కబురు వచ్చేది. స్టీలు ప్లాంటు వాళ్ళ సెక్టర్ 4 క్వార్టర్లలో పుట్టిన పిల్ల. తెలుగు కన్నా హిందీయే బాగా వచ్చు. అయినా నానమ్మ దగ్గర పట్టిన శ్రీకాకుళం మాటలు నాలుగు వదిలితే చాలు, ముసలమ్మలు చెయ్యి చాపేవారు. చాపిన చేతి నుంచి దామిని రక్తం తీసేది. దామిని దుర్గ్‌లోని ఛత్తీస్‌గఢీ కుటుంబం పిల్ల. నర్సింగ్ రెండో ఏడాదిలో ఇద్దరినీ జంటగా వేశారు. రెండు నెలలు నల్లేరు మీద బండిలా నడిచింది.

ఆఖరి వారంలో ఆ స్నేహం చేసిన ఘనకార్యం బయటపడింది. కృష్ణప్రియ లాగ్‌బుక్‌లో రక్తం తీసే పేజీ ఖాళీ. శనివారం మధ్యాహ్నంలోగా ముగ్గురికి స్వయంగా తీయకపోతే జూనియర్లతో కలిసి పోస్టింగ్ మళ్ళీ మొదలుపెట్టాలని ఇన్‌చార్జి రజనీకుమారి సిస్టర్ చెప్పేసింది. కృష్ణప్రియ ఆ ఖాళీ పేజీ తీసుకెళ్ళి దామినికి చూపించింది.

దామినికి సిగ్గేసింది. మూడు సాయంత్రాలు తన చెయ్యే చాపి, నరం ఎలా తడమాలో, సూది ఎంత వాలుగా పట్టాలో నేర్పింది.

శనివారం పొద్దున మొదటి పేషెంటు నూకమ్మ. భర్త ప్లాంటులో రిటైరయ్యాడు. ఆవిడ చెయ్యి దుప్పట్లో దాచేసుకుంది.

"నిన్న రెండు మార్లు పొడిసీసినారు. ఇయ్యేళ ఇవ్వనంటే ఇవ్వను."

కృష్ణప్రియ అలవాటుగా నోరు తెరవబోయింది. సిస్టర్ ఆపింది. "నువ్వు మాటల్లో పడితే సూది మీద ధ్యాస ఉండదు. మాటలు దామిని చూసుకుంటుంది."

దామినికి తెలుగెక్కడిది? కానీ రెండు నెలలు పక్కనే నిలబడి విన్నది ఊరికే పోతుందా? స్టూలు లాక్కుని కూర్చుంది.

"మామ్మా, మీదే ఊరు? మా నానమ్మది నరసన్నపేట."

కృష్ణప్రియ రోజూ చెప్పే మాటే అది, నానమ్మతో సహా. కృష్ణప్రియకు నవ్వు తన్నుకొచ్చింది. ఆ నవ్వుతోనే సిరంజి కవరు విప్పింది.

"మాది పక్కనే టెక్కలి. నరసన్నపేటలో ఎవులోలమ్మా మీరు?" అని నూకమ్మ లేచి కూర్చుంది.

దామినికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. తనకు తెలిసిన రెండో మాట అందుకుంది. "ఎండుచేపల కూర ఎలాగొండుతారు?"

ఇక ఆవిడ ఆగలేదు. వంకాయలు ఏ సైజు కోయాలో చూపించడానికి చెయ్యి బయటకు తీసింది. కృష్ణప్రియ ఆ చెయ్యి అందుకుని, రబ్బరు పట్టీ కట్టి, నరం తడిమి చూసుకుని గుచ్చింది. ఎర్రగా రక్తం సిరంజిలోకి ఎక్కింది.

"అయిపోనాదేటే?" అంది నూకమ్మ, దూది పెట్టాక. "ఇంకా చింతపండు చెప్పలేదు."

సిస్టర్ సంతకం పెట్టింది. కృష్ణప్రియకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. పక్క మంచం దగ్గర దామిని చెయ్యి అలవాటుగా ట్రే మీదికి పోయింది. కృష్ణప్రియ ట్రే లాక్కుంది.

"నువ్వెళ్ళి కూర్చో. నానమ్మ అయిపోతే మా తాతయ్యని కూడా వాడుకో," అంది హిందీలో.

పన్నెండు కొట్టేసరికి పేజీలో మూడు సంతకాలు పడ్డాయి. దామినికి నరసన్నపేటలో బోలెడంతమంది చుట్టాలు తేలారు.