బొటనవేలంత ఇంజన్

తిరుమలేష్ చేతులు ఊరికే ఉండవు. సింగపూర్‌లో తిండికొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో, బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టి చోటు 'చోప్' చేసుకున్నవాడు వెళ్ళి వరుసలో నిలబడాలి కదా, నిలబడడు. వెనక్కొచ్చి, అదే పొట్లంలోంచి ఓ టిష్యూ లాగి బల్ల తుడుస్తాడు. పక్కబల్ల మీద సాస్ మరక కనిపిస్తే అన్నం సయించదు. ఇలాంటి మనిషి బొమ్మ కార్ల కోసం రెజిన్ పోతపోసే పని పెట్టుకోవడం ఏమిటో ఆ దేవుడికే తెలియాలి. రెజిన్ అడిగేది ఒక్క ఓపిక. మనవాడి దగ్గర అది తప్ప అన్నీ ఉన్నాయి.

దీనంతటికీ మూలం రామారావుగారు. పుంగ్గోల్‌లో తిరుమలేష్ ఉండే బ్లాకులోనే, రెండంతస్తుల కింద ఉంటారు. ఓడల ఇంజన్ల దగ్గర జీవితమంతా గడిపి రిటైరైన మనిషి. ఆయన పాత కారుకి దసరా మర్నాటితో గడువు తీరిపోతోంది. ఈ ఊళ్ళో కార్ల ఆయుష్షు కాగితం మీదే రాసి ఉంటుంది. అది చెల్లితే, ఎంత బాగా నడిచే బండైనా తుక్కు యార్డు దారి పట్టాల్సిందే. ఇంకోసారి పొడిగించుకునే ఓపిక తనకి లేదన్నారాయన. భార్య రాజకుమారిగారు నిరుడు సంక్రాంతి వెళ్ళాక పోయారు. ఆ పక్కసీటు ఖాళీగా పెట్టుకుని నడపడం ఆయన వల్ల కావడం లేదు.

"నీ బొమ్మ కార్లు చూశాగా, నాదీ ఒకటి చేసిపెట్టవయ్యా" అన్నారు ఓ రోజు లిఫ్టులో. "ఉన్నది ఉన్నట్టుండాలి. ఇంజన్ లేకుండా మాత్రం ఇవ్వకు. ఇంజన్ లేనిది కారా, రేకు డబ్బా?"

ఆ మాటకి తిరుమలేష్ పొంగిపోయాడు. తన బొమ్మల్ని ఒక పెద్దమనిషి కోరి అడగడం అదే మొదలు.

వెంటనే తాళాలు తీసుకుని, ఫోటోల కోసం ఒక్కడే కార్ పార్కుకి దిగాడు. బానెట్ ఎత్తాడు. వెండిరంగు ఇంజన్ మూత మీద, ఓ మూల, నూనెతో కలిసి గడ్డకట్టిన గోధుమరంగు మరక ఒకటి ఉంది. ఏ గ్రీజో, ఏమో. మరక కంటబడ్డాక ఆ చేతులు ఆగుతాయా? పొట్లం ఖాళీ అయ్యేదాకా టిష్యూలు లాగి, మూత తళతళలాడేలా తుడిచి, అప్పుడు ఫోటోలు తీశాడు. పెద్దాయన బండిని శుభ్రం కూడా చేశానని లోలోపల మురిసిపోయాడు.

తెప్పించిన బొమ్మకారు కిట్‌లో బానెట్ కింద అంతా బోలు. మోడల్ క్లబ్బులో కీర్తిక దగ్గర అదే తరహా బొమ్మ ఇంజన్ ఉంది. "అచ్చు తీసుకుని, నా ఇంజన్ నాకు మళ్ళీ ఇచ్చేయాలి" అంది ఆ అమ్మాయి. సరే అని దానిచుట్టూ సిలికాన్ పోసి అచ్చు చేసుకున్నాడు. ఇక ఆ అచ్చులో రెజిన్ పోయడమే. రెండు సీసాల్లోని ద్రవాలూ కలిపి పోశాక, గట్టిపడేదాకా దాని జోలికి వెళ్ళకూడదు. తిరుమలేష్ వెళ్ళాడు. మొదటి ఇంజన్ మెడ వంచుకుని బయటికొచ్చింది. రెండోదాన్ని త్వరగా ఆరనివ్వాలని హెయిర్ డ్రయ్యర్ పట్టాడు. దాని ఒళ్ళంతా బుడగలు.

విజయనగరం నుంచి చూడ్డానికొచ్చిన తల్లి అప్పలమ్మ ఈ భాగోతమంతా సోఫాలోంచి చూస్తోంది.

"ఏటిరా, కుడుములు ఉడికినాయో లేదోనని మూత తీసినట్టు పదిసార్లు తీస్తావు? ఉడకనీ."

"కుడుములు కాదమ్మా, ఇంజన్."

"ఏదైతేనేటి. ఉడకాలి కాదేటి?"

ఆఖరికి చేతులు తొడల కింద పెట్టుకు కూర్చుని, కాళ్ళు ఊపుతూ, ఒక మంచి ఇంజన్ సాధించాడు. బొటనవేలంత ఉంది. మూత మీది బోల్టులు కూడా తెలుస్తున్నాయి. దసరా పొద్దున్న దానికి వెండిరంగు పూసి, బల్ల మీద ఆరబెట్టి, పాయా లేబర్ పేటలో ఉన్న తన ఆఫీసుకి పరుగెత్తాడు. మర్నాడు పొద్దున్నే కారు తీసుకుపోతారు. మీటింగులో కూర్చున్నాడు గాని మనసంతా ఆ వెండిరంగు మీదే. ఏ దుమ్ము పడుతోందో, ఏ ఈగ వాలుతోందో అని ఒకటే గుబులు.

ఈగ వాలలేదు. సాయంత్రం తలుపు తీసేసరికి రైస్ కుక్కర్‌కి బొట్టు, వాషింగ్ మెషీన్‌కి బొట్టు, లాప్‌టాప్‌కి బొట్టు. అప్పలమ్మ ఆయుధపూజ చేసింది. ఏదో తట్టినట్టయి బల్ల దగ్గరికి ఒక్క అంగలో వెళ్ళాడు. ఇంజన్ నడినెత్తిన ఇంత పసుపు, దాని మీద కుంకం. అడుగున ఇంకా ఆరని రంగు రెండింటినీ పట్టేసుకుంది.

"ఎవరు ముట్టుకోమన్నారమ్మా నిన్ను!" అని ఇల్లదిరేలా అరిచాడు.

"ఇంజనన్నావు కదరా" అంది అప్పలమ్మ బిత్తరపోయి. "ఇంజన్‌కి బొట్టెట్టకుండా ఒగ్గేస్తామేటి, పండగ పూట?"

టిష్యూతో తుడిచాడు. కొంత లేచింది, మిగిలింది పాకింది. రంగంతా కడిగి మళ్ళీ పూస్తే తెల్లారేసరికి ఆరదు. బానెట్‌ని గమ్‌తో అతికించేస్తే ఎవరికీ కనబడదని ట్యూబు చేతిలోకి తీసుకున్నాడు. బానెట్ తెరుచుకోకపోతే లోపల ఇంజన్ ఉండి దేనికి? పెద్దాయన అడిగిందే ఇంజన్. ట్యూబు పక్కన పెట్టి, పళ్ళు కొరుక్కుంటూ దాన్ని అలాగే కారులో బిగించాడు. ఆ రాత్రి తినకుండానే పడుకున్నాడు. అప్పలమ్మ చేసిన బూరెలు చేసినట్టే ఉన్నాయి.

పొద్దున్న కార్ పార్కులో యార్డు మనిషి తన ట్రక్కుతో సిద్ధంగా ఉన్నాడు. రామారావుగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. "వన్ మినిట్ లా" అని అతనితో చెప్పి, బానెట్ ఎత్తి వంగారు. ఓ మూల వేలితో తడిమారు. ఫోన్ లైటు వేసి మళ్ళీ చూశారు.

"ఇక్కడే ఉండాలే" అన్నారు.

"ఏంటి అంకుల్?"

"బొట్టయ్యా. మీ ఆంటీ ప్రతి దసరాకీ ఇక్కడ పెట్టేది. పైన పెడితే వానకి పోతుంది, ఇంజన్‌కే పెట్టమన్నది నేనే. ఆవిడ పెట్టిన ఆఖరి బొట్టు అది. వర్క్‌షాపు వాళ్ళకి చెప్పి చెప్పి కాపాడుకుంటూ వచ్చా, ఆ మూల చెయ్యి పెట్టొద్దురా బాబూ అని. ఒక్కసారి చూసుకుని పంపిద్దామనుకున్నా." ఆయన ఫోన్ లైటు ఆర్పారు. "ఆ వర్క్‌షాపు వెధవే తుడిచి ఉంటాడు."

తిరుమలేష్‌కి ఆ రోజు ఖాళీ చేసిన టిష్యూ పొట్లం గుర్తొచ్చింది. నోరు మూసుకుంటే చాలు, ఆ తిట్టు వర్క్‌షాపు వాడికే పోతుంది. అడిగేవాళ్ళు లేరు.

"వాడు కాదంకుల్. నేనే. ఫోటోలు తీసినప్పుడు. మురికి అనుకున్నా."

రామారావుగారు అతని వంక చూశారు. తనే బానెట్ దించి, యార్డు మనిషికి తలూపారు. గొలుసు కారుని ట్రక్కు మీదికి లాగడం మొదలెట్టింది.

చేతిలో ఉన్న బొమ్మకారు డబ్బాని ఏం చెయ్యాలో తిరుమలేష్‌కి తెలియలేదు. ఇస్తే ఒక బాధ, ఇవ్వకపోతే ఒక బాధ. ఆఖరికి చాపాడు. రామారావుగారు మొహమాటానికన్నట్టు అందుకుని, మూత తీసి, చూపుడువేలి గోటితో బొమ్మకారు బానెట్ ఎత్తారు. లోపల ఇంజన్ నెత్తిన పసుపూ కుంకం కనబడ్డాయి.

"ఇదెవరు పెట్టారు?"

"మా అమ్మ. నిన్న దసరా కదాని... నేనింట్లో లేను అంకుల్. రంగు ఆరకముందే పెట్టేసింది. ఎంత తుడిచినా పోలేదు."

"ఆవిడకి చెప్పావా, మీ ఆంటీ సంగతి?"

"నాకే తెలీదు కదంకుల్. ఇంజన్ అన్నానని పెట్టింది."

పెద్దాయన బొమ్మకారుని కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నారు. అద్దాల వెనక కళ్ళు నిండాయి, దాచుకోలేదు.

"ఏమన్నా అన్నావా ఆవిణ్ణి?"

తిరుమలేష్ తల దించుకున్నాడు. దించుకున్నప్పుడు కనిపించింది, ఎండిన కుంకం పొడి రాలి బొమ్మకారు తెల్లటి అంచు మీద పడి ఉంది. చెయ్యి దానంతటదే జేబులోకి పోయి, టిష్యూతో బయటికొచ్చింది.

రామారావుగారు ఆ మణికట్టు పట్టేసుకున్నారు.

"తుడవకు" అన్నారు. ట్రక్కు ర్యాంపు దిగి కనుమరుగయ్యేదాకా ఆ చెయ్యి వదల్లేదు.