చేతకాదన్న మనిషి

ఆదివారం మాసిన బట్టల కోసం ఖాళీ సంచీ పట్టుకుని బంటింగ్‌లోని సోబర్ హౌస్‌కి వెళ్ళాను. తెచ్చుకోవడానికేమీ లేదు. మా ఆయన శ్రీకుమార్ తన చొక్కాలు తానే ఉతికి తీగ మీద ఆరేశాడు. వంటింట్లో నిలబడి చేపల కూర కలుపుతున్నాడు.

తాగుడు మాన్పించే ఆసుపత్రి నుంచి వచ్చాక మొదట క్లాంగ్ ఊళ్ళో, కోలుకునేవాళ్ళని కొన్నాళ్ళు ఉంచే హాఫ్‌వే హౌస్‌లో ఉన్నాడు. అక్కడ గేటుకు తాళం, పైన ఒక వార్డెన్, గంట కొడితే భోజనం. "వంటమనిషున్నాది, నా కొడుకు సెయ్యి కాల్చుకోనక్కర్లేదు" అని మా అత్త కూర్మమ్మ మురిసిపోయింది. బట్టలు మాత్రం వారం వారం నా దగ్గరికే వచ్చేవి. బంటింగ్‌లో ఈ సోబర్ హౌస్‌ని వెతికింది నేనే. అద్దె ఇల్లు, కాపలా లేదు. తాగుడు మానిన మగవాళ్ళు కలిసి ఉంటారు, పగలు పనికి పోతారు, వంతులేసుకుని వండుకుంటారు, కక్కసు కడుక్కుంటారు. తాళం ఉన్నంతసేపే మానేవాడు ఇంటికొచ్చి ఏం మానతాడని అత్తతో పోట్లాడి మరీ చేర్పించాను.

"మీ ఆయన సేతి కూరంటే అందరూ ముందే కంచాలెట్టుకు కూకుంటారు లా, అక్కా" అన్నాడు ఆ ఇంటికి పెద్దగా ఉండే కన్నబాబు, మా మలేషియా తెలుగువాళ్ళ అలవాటుగా మాటకి 'లా' తగిలించి.

గర్వపడాలి కాబోలు. నాకు కడుపు మండిపోయింది. నాకు జ్వరమొచ్చి లేవలేకపోతే, గంజి కాచివ్వమంటే, "నాకు రాదే సుగంధీ" అనేవాడు. ఫ్యాక్టరీలో నైట్ షిఫ్ట్ చేసి వచ్చి, అతను కక్కింది ఎత్తిపోసి, అతని సూపర్‌వైజర్‌కి ఫోన్‌లో అబద్ధం చెప్పి, అప్పుడు పొయ్యి ముట్టించేదాన్ని. "ఆడోళ్ళ పని మగోడికేటి తెలుస్తాది" అనేది అత్త. నమ్మాను! నేను లేకపోతే పస్తుంటాడని జాలిపడ్డాను కూడా. ఆ జాలితోనే ఇన్నేళ్ళూ వెళ్ళిపోకుండా ఉన్నాను.

"వంట ఎప్పుడు నేర్సుకున్నావు?" అన్నాను.

నవ్వాడు. "మన పెళ్ళికి ముందు, సుంగై సుమున్ ఎస్టేట్‌లో ఉన్నప్పుడే. ఇంట్లో నువ్వున్నావు గదా, మరి నాకేటి పని?" గొంతు తగ్గించాడు. "ఇక్కడ ఒకటే సాకిరీ. అమ్మతో మాటాడేసినాను. వచ్చే వారం ఇంటికొచ్చేస్తాను."

నాకంటే ముందే వచ్చి ముందుగదిలో కూర్చున్న అత్త అందుకుంది. "కన్నబాబుకి సెప్పేసినాను లా. నువ్వు ఫ్యాక్టరీ మానేసి ఆడ్ని సూసుకుంటావని."

నా ఉద్యోగాన్ని ఇద్దరూ నాకు తెలియకుండా మానిపించేశారు. ఆ తల్లీ కొడుకుల కోసమా నేను ఆ క్లాంగ్ ఇల్లూ ఈ బంటింగ్ ఇల్లూ తిరిగి, ఏది మంచిదని అందరినీ అడిగి చూసింది!

ముందుగదిలోకి వెళ్ళాను. అక్కడున్న కన్నబాబు నా వైపు తిరిగాడు. "ఆయన ఇంకా కుదురుకోలేదక్కా. మధ్యలో పోతే మళ్ళీ తాగుతారు. దగ్గరుండి సూసుకునే మనిషుంటేనే ఇంటికి పంపుతాం. లేపోతే ఇక్కడే ఉండాల. మీరే సెప్పండి, మీ ఇంట్లో సూసుకోడానికి ఎవరున్నారు?"

అత్త పక్కకొచ్చి నా మోచేతిని పొడిచింది. శ్రీకుమార్ గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు, నా జవాబు ముందే తెలిసినట్టు నవ్వుతూ.

"ఎవరూ లేరు" అన్నాను.